గొంతులో క్యాన్సర్ కాని గడ్డ: కనిపెట్టడం నుంచి తీయించుకోవడం దాకా

మామిడి మండీలో వేలం పాడే ఒకాయన కిందటేడు సీజన్ మొదట్లో తిరుపతిలో నా ఓపీకి వచ్చారు. ఊరు చిత్తూరు వైపు. వేసవి మూడు నెలలూ రోజుకు నాలుగైదు గంటలు అరవడమే ఆయన పని. "గొంతు బొంగురు కాలేదు సార్, మాటే మారిపాయ. నోట్లో వేడి సంగటి ముద్ద పెట్టుకోని మాట్లాడినట్టుంది అంటాది మా ఆడమనిషి" అన్నారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, పక్కకు తిరిగితే కాస్త నయం. ఏడాదిగా ఆస్తమా అని మందు పీలుస్తున్నారు. దాంతో ఏ మార్పూ లేదు. ఆ ఏడాదిలో గొంతులోకి స్కోప్ పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

పెట్టి చూస్తే స్వరపేటిక పై అంచున, కుడివైపు, రేగిపండంత నున్నటి గడ్డ. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపలికి వాలి దారికి అడ్డం పడుతోంది. చివరికి తేలింది ష్వానోమా, అంటే నరం మీది తొడుగు నుంచి పుట్టే గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ క్యాన్సర్ కాదు అన్నంత మాత్రాన ఊపిరి ఆపదని కాదు. గొంతులో అసలున్న దారే చిటికెన వేలంత.

ఇలాంటి గడ్డలు నిజంగా అరుదు. బొంగురు గొంతుతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి జలుబు, అరుపులు, స్వరతంత్రుల మీద కాయల్లాంటి నాడ్యూల్స్, పాలిప్, పొగ తాగడం వల్ల వచ్చే వాపు, ఇవే ఉంటాయి. మరి అరుదైన దాని కోసం ఇంత పెద్ద వ్యాసం దేనికంటే, అరుదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు, వచ్చాక వరస తప్పుతుంది. నేను చూసిన చెడ్డ కేసుల్లో సగానికి పైగా పాడైంది వరస తప్పడం వల్లే. ముందు కంటితో చూడాలి, తర్వాత స్కాన్, ఆ తర్వాతే పరీక్షకు ముక్క తీయడం, అంటే బయాప్సీ. మీకో, మీ ఇంట్లోవాళ్లకో గొంతులో గడ్డ అని అనుమానం వస్తే ఈ వరసలో నడవండి.

ముందు క్యాలెండర్ చూడండి

గంగమ్మ జాతరలో అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లు, కొండెక్కుతూ గోవిందలు కొట్టి బొంగురుపోయినవాళ్లు వారం పది రోజుల్లో మామూలైపోతారు. ఆ పది రోజులూ కరక్కాయ బుగ్గన పెట్టుకోండి, మిరియాల కషాయం తాగండి, పటికబెల్లం చప్పరించండి, ఎవరూ కాదనరు. నేనూ చేస్తాను. కానీ 4 వారాలు దాటినా గొంతు రాకపోతే ఇక మందుల షాపులో సిరప్ అడగడం ఆపి, స్వరపేటికను చూపించుకోవాలి. ఇది నా సొంత లెక్క కాదు, ఈఎన్‌టీ డాక్టర్లు చాలాచోట్ల పాటించే గడువు.

కొన్నిటికి ఆ 4 వారాలు కూడా ఆగకూడదు. పొగ, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు. కఫంలో రక్తం. మింగితే నొప్పి, లేదా చెవిలో ఏమీ లేకుండా ఒకవైపు చెవిపోటు. మెడలో గడ్డ. బరువు తగ్గడం. మెడకో గుండెకో ఆపరేషన్ అయిన వెంటనే గొంతు మారడం. వీటిలో ఏది ఉన్నా ఆ వారంలోనే వెళ్లాలి.

ఊపిరి చప్పుడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మండీ ఆయనకు ఏడాది పోయింది ఇక్కడే. ఆస్తమాలో పిల్లికూతల్లాంటి చప్పుడు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తుంది. స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోతే ఊపిరి పీల్చేటప్పుడు వస్తుంది, గరగరమనో, ఈలలాగో. రాత్రి ఆ మనిషి నిద్రపోయాక పక్కన కూర్చుని ఛాతీ పైకి లేచేటప్పుడు చప్పుడా, కిందికి దిగేటప్పుడు చప్పుడా చూడండి. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి, ఛాతీ కనిపించేలా. ఆ నిమిషం వీడియో నాకు పది కాగితాల పెట్టు. మెలకువగా ఉండగానే, కూర్చుని ఉన్నా పీల్చేటప్పుడు చప్పుడు వస్తోందంటే మాత్రం వీడియో తీస్తూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి.

గొంతునూ రికార్డు చేయండి. వారానికి ఒకసారి, ఉదయం ఒకే వేళకు, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టి, తర్వాత ఒక్క ఊపిరితో "ఆ..." అని ఎంతసేపు పట్టగలరో పట్టండి. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లు 15 సెకన్లు సులువుగా దాటుతారు. 10 సెకన్ల లోపే తెగిపోతోందంటే తంత్రులు సరిగా మూసుకోక గాలి జారిపోతోందని అనుకోవచ్చు.

ఎక్కడికి, ఏం పట్టుకుని

మనవైపు వాళ్లకు తిరుపతిలో రుయా ఉంది, టీటీడీ పెట్టిన స్విమ్స్ ఉంది. చిత్తూరు నుంచైతే వేలూరు సీఎంసీ దగ్గర. అయితే సీఎంసీకి వేలూరులోనే కాక రాణిపేటలో కూడా పెద్ద క్యాంపస్ ఉంది. ఏ క్యాంపస్‌కు రమ్మన్నారో అపాయింట్‌మెంట్ కాగితంలో చూసుకుని బస్సెక్కండి, లేకపోతే ఒక పూట వృథా. ప్రైవేటు ఈఎన్‌టీ క్లినిక్ అయినా ఫరవాలేదు. ముందుగా ఫోన్ చేసి "గొంతులోకి కెమెరా పెట్టి చూసే స్కోప్ ఉందా, వీడియో ఇస్తారా" అని అడగండి. నోట్లో టార్చి వేసి చూస్తే స్వరపేటిక కనిపించదు. టార్చి చూసి యాంటీబయాటిక్ రాసిస్తే నాలుగు వారాలు ఇంకో నాలుగు వారాలవుతాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి: పాత చీటీలన్నీ, వాడుతున్న మందులు డబ్బాతో సహా, ఆధార్, రేషన్ కార్డు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవాలనుకుంటే ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్‌లో మొదటి రోజే అడగండి. పరీక్షలన్నీ డబ్బు కట్టి చేయించుకున్నాక అడిగేవాళ్లే ఎక్కువ. రాష్ట్రం దాటి వెళ్తే వర్తిస్తుందో లేదో కూడా బయల్దేరక ముందే కనుక్కోండి.

స్కోప్ గదిలో

భయపడాల్సింది ఏమీ లేదు, కానీ ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. గంట ముందు నుంచి ఏమీ తినకుండా వెళ్లండి. స్టూలు మీద నిటారుగా కూర్చోబెడతారు, గడ్డం కాస్త ముందుకు. గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, చేదుగా ఉంటుంది, మింగితే గుటక పడనట్టు అనిపిస్తుంది. నాలుక బయటపెట్టమని పలచటి గాజ్ గుడ్డతో పట్టుకుంటారు. నాలుక మీదుగా పెన్ను మందం కడ్డీ ఒకటి లోపలికి వెళ్తుంది. దాని చివర చూపు 70 డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది కాబట్టి కడ్డీ నోట్లోనే ఉన్నా కింద స్వరపేటిక కనిపిస్తుంది. వాంతి వచ్చినట్టయ్యేవాళ్లకు ముక్కులోంచి సన్నటి మెత్తటి స్కోప్ పెడతారు.

"ఈ..." అనమంటారు. అన్నప్పుడు తెర మీద రెండు తెల్లటి నాడాల్లాంటివి దగ్గరికి వచ్చి అంటుకుంటాయి. అవే స్వరతంత్రులు. ఊపిరి పీల్చమంటే విడిపోతాయి, మధ్యలో నల్లటి దారి కనిపిస్తుంది. మగవాళ్ల మామూలు మాటలో అవి సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకుంటాయి, ఆడవాళ్లకు దాదాపు రెట్టింపు. ఆ వేగం కంటికి అందదు. అందుకే స్ట్రోబ్ అనే మినుకుమినుకు లైటు వేస్తే కదలిక నెమ్మదించినట్టు కనిపిస్తుంది. తంత్రి మీది పొర అలలాగా పారుతోందా, గడ్డ ఉన్నచోట బిగుసుకుపోయిందా అనేది అప్పుడే తెలుస్తుంది.

(దీనికంతటికీ మొదలు డాక్టరు కూడా కాదు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ సంగీత గురువు పళ్ల డాక్టర్ వాడే చిన్న అద్దం, ఒక చేతి అద్దం, ఎండ, ఈ మూడింటితో తన గొంతు తానే చూసుకున్నాడు. 101 ఏళ్లు బతికాడు.)

చూడటం అయిపోయాక తెర మీది బొమ్మ చూపించమని అడగండి. గడ్డ తంత్రి మీదా, పైనా, కిందా? రెండు తంత్రులూ సమానంగా కదులుతున్నాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, గడ్డ పొర పైన మొలిచిందా, పొర కింద దాగి ఉందా? వీడియో కాపీ ఫోన్‌లోకి తెచ్చుకోండి. మొద్దు వదిలేదాకా, కనీసం గంట, నీళ్లు కూడా తాగొద్దు. పొలమారుతుంది.

పైన మొలిచిందా, కింద దాగిందా

నా లెక్కలో మొత్తం దారి ఇక్కడే చీలుతుంది.

పైన మొలిచినవాటిలో ఎక్కువగా కనిపించేది పాపిలోమా. క్యాన్సర్ కాని స్వరపేటిక గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇదే. చిన్న చిన్న ద్రాక్షగుత్తుల్లా, గులాబీ రంగులో, ఒక్కో గింజ నడుమ ఎర్రటి చుక్కతో ఉంటుంది. హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తుంది.

కింద దాగినవే అసలైన అరుదైనవి. పైన పొర నున్నగా, నిగనిగలాడుతూ, మామూలు రంగులోనే ఉంటుంది. ఎక్కడ ఉందనేదే మొదటి ఆధారం. స్వరపేటిక పై అంచున, పక్క మడతలో నున్నటి ఉబ్బు ఉంటే ష్వానోమా, న్యూరోఫైబ్రోమా లాంటి నరాల గడ్డలు గుర్తొస్తాయి. తంత్రి వెనక భాగంలో పసుపు ఛాయతో బటాణీ గింజలా ఉంటే గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. తంత్రుల కింద వెనకవైపు గట్టిగా ఉబ్బి ఉంటే మృదులాస్థి నుంచి పుట్టే కాండ్రోమా. నీలిగా ఉంటే రక్తనాళాల హిమాంజియోమా. ఎర్రగా ఉండి, నాడి కొట్టుకున్నట్టు అనిపిస్తే పారాగాంగ్లియోమా. మెత్తటి పసుపు ఉబ్బు కొవ్వుగడ్డ కావచ్చు. ఇవన్నీ కంటి అంచనాలే, తీర్పులు కావు. వీటికి తోడు అసలు గడ్డలే కాని వేషధారులు ఉన్నాయి: నీటి తిత్తి, గాలి తిత్తి, ఆమ్లం ఎగదన్ని తంత్రుల వెనక వచ్చే గ్రాన్యులోమా. మన దేశంలో టీబీని మరవకూడదు. స్వరపేటిక టీబీ ఏ వేషమైనా వేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష చవకైనవి, ముందే చేయించుకోండి.

స్కాన్ ముందు, ముక్క తర్వాత

ఇది చెప్పడానికి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో జూనియర్‌గా ఉన్నప్పుడు, నున్నటి గడ్డతో ఒకామె వచ్చింది. స్కాన్‌కు వారం పడుతుందన్నారు. ఆగలేక ముక్క తీశాను. రిపోర్టులో "మామూలు పొర, స్వల్ప వాపు" అని వచ్చింది. రావడంలో వింతేముంది, నేను తీసింది గడ్డ మీది పొరనే, గడ్డను కాదు. ఏమీ లేదమ్మా అని పంపించాం. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి ఊపిరాడక వచ్చింది. గొంతుకు రంధ్రం పెట్టి బతికించాల్సి వచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కాబట్టి పొర కింద గడ్డ అని తేలితే, ముక్క తీద్దామని ఎవరైనా అంటే "స్కాన్ చూశాక తీద్దామా సార్" అని అడగడంలో తప్పు లేదు. మంచి డాక్టరు కోపగించుకోడు. స్కాన్ లేకుండా పారాగాంగ్లియోమాను గిల్లితే రక్తం ఆపడం గగనమవుతుంది. హిమాంజియోమా అయినా అంతే.

సీటీ అయితే మెడకు, రంగు మందు ఎక్కించి, సన్నటి పొరలుగా తీయాలి. రంగు మందుకు ముందు క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష కావాలి. షుగర్ మాత్రలు వాడుతుంటే, కిడ్నీ సమస్య ఉంటే, ఇంతకుముందు ఇంజెక్షన్ పడక దద్దుర్లు వచ్చి ఉంటే స్కాన్ వాళ్లకు చెప్పండి. మృదులాస్థి గడ్డలు సీటీలో బాగా దొరుకుతాయి, లోపల బొరుగులు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. నరాల గడ్డ, కొవ్వుగడ్డ, కండలోకి ఎంత దిగిందనేది ఎంఆర్ఐలో తేటగా తెలుస్తుంది. రెండూ అందరికీ అక్కర్లేదు. మండీ ఆయనకు ఎంఆర్ఐ ఒక్కటే సరిపోయింది. గుండ్రంగా, అంచులు శుభ్రంగా, చుట్టూ దేన్నీ కొరకకుండా ఉంది.

స్కాన్ సెంటర్‌లో ఫిల్మ్‌తో పాటు సీడీ తప్పకుండా అడగండి. వేలూరు వెళ్లినా, చెన్నై వెళ్లినా అక్కడి డాక్టర్ సీడీ వేసి అన్ని పొరలూ తిప్పి చూస్తారు. ఫిల్మ్ మీద వాళ్లు ఎంచి పెట్టిన బొమ్మలే ఉంటాయి.

ముక్క రిపోర్టును పూర్తిగా నమ్మే ముందు

ముక్క సాధారణంగా థియేటర్‌లో, మత్తు ఇచ్చి, మైక్రోస్కోప్ కింద తీస్తారు. చాలాసార్లు గడ్డ చిన్నదైతే ముక్కా, గడ్డా ఒకేసారి, మొత్తం తీసేసి పరీక్షకు పంపుతారు. నాకు అదే నచ్చుతుంది.

రెండు చోట్ల రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. మొదటిది గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. ఈ గడ్డ కింద ఉంటే, పైనున్న పొర అకారణంగా మందమై, వేళ్లలా లోపలికి దిగి, అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. పైపైన తీసిన చిన్న ముక్క చూస్తే అనుభవం లేని కంటికి "స్క్వామస్ సెల్ కార్సినోమా" అనే అనిపిస్తుంది. అలాంటి రిపోర్టుతో స్వరపేటిక తీయించుకోవడానికి సిద్ధపడే ముందు, గడ్డ నున్నగా ఉండి, మనిషికి పొగ అలవాటు లేకపోతే, ఆ స్లైడ్లు ఇంకో చోట చూపించండి. ఎస్-100 అనే రంగు పరీక్షకు ఈ గడ్డ కణాలు పలుకుతాయి. రెండోది కాండ్రోమా. స్వరపేటిక మృదులాస్థి గడ్డల్లో చాలావరకు నిజానికి నెమ్మదిగా పెరిగే తక్కువ తరగతి కాండ్రోసార్కోమాలు, అంటే మెల్లగా నడిచే క్యాన్సర్. చిటికెడు ముక్కతో ఈ రెంటినీ విడదీయడం కష్టం. అందుకే కాండ్రోమా అని రిపోర్టు వచ్చినా నేను ఏళ్ల తరబడి వదలను.

ల్యాబ్ నుంచి స్లైడ్లు, తీసిన ముక్కను పొదిగి ఉంచే మైనపు దిమ్మెలు మీరు అడిగి తెచ్చుకోవచ్చు. అవి మీ ఒంట్లోవే. డబ్బాలో పెట్టి, ఎండ తగలకుండా ఉంచండి. మే నెలలో తిరుపతిలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగితే మైనం కరిగిపోతుంది. నేను కళ్లారా చూశాను.

మత్తు డాక్టర్‌ను కలవకుండా తేదీ ఖాయం చేసుకోవద్దు

ఈ ఆపరేషన్‌లో సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరికీ కావాల్సింది ఒకటే దారి. సర్జన్ పని చేసేదీ అక్కడే, ఊపిరి గొట్టం పోయేదీ అక్కడే. అందుకని సన్నటి గొట్టం, పెద్దవాళ్లకు 5 లేదా 6 సైజుది, వేస్తారు. దారి బాగా ఇరుకైతే మెలకువగా ఉండగానే ముక్కులోంచి స్కోప్ సాయంతో గొట్టం వేస్తారు. అదీ కుదరకపోతే ముందుగా మెడకు రంధ్రం, అంటే ట్రకియాస్టమీ. సంతకం పెట్టే కాగితంలో ఈ మాట ఉంటుంది. చదివి బెంబేలెత్తకండి, కానీ అడగండి: "నాకు ఆ అవసరం ఎంత? పెడితే ఎన్నాళ్లకు తీస్తారు?" మండీ ఆయనకు మెలకువగా ఉండగానే గొట్టం వేశారు. "నాగస్వరం నాలోకే పోయినట్టుండె సార్" అన్నారు తర్వాత.

కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉంటే చెప్పండి. లోహపు గొట్టం పై పళ్ల మీద ఆనుతుంది. మెడ వెనక్కి వంగదంటే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్‌తో మాట్లాడి చెప్తారు, మీకు మీరే ఆపొద్దు.

గట్టి ఆహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపాలి. ఇది తిరుపతి కాబట్టి ఒక మాట. ఆపరేషన్ రోజు తెల్లవారుజామున చుట్టాలు కొండ నుంచి దిగొచ్చి నోట్లో లడ్డూ ముక్క పెట్టడం, "ప్రసాదమే కదా సార్" అనడం, కేసు మర్నాటికి వాయిదా పడటం నాకు ఏడాదికి రెండు మూడు సార్లు జరుగుతుంది. ప్రసాదం కళ్లకద్దుకుని దాచిపెట్టుకోండి. మేల్కొన్నాక తినొచ్చు.

థియేటర్ లోపల

బయట మెడ మీద కోత ఉండదు, చాలామందికి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, నోట్లోంచి లోహపు గొట్టం లాంటి లారింగోస్కోప్ పెట్టి, దాన్ని ఛాతీ మీద ఒక స్టాండుకు ఆనించి బిగిస్తారు. సర్జన్ రెండు చేతులూ ఖాళీ అవుతాయి. తల దగ్గర 400 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న మైక్రోస్కోప్. పనిముట్లు జానెడుకు పైగా పొడవు, వాటి కొనలు బియ్యపు గింజకన్నా చిన్నవి.

స్వరతంత్రి పైకి ఒకే తెల్ల నాడాలా కనిపించినా పొరలు పొరలుగా ఉంటుంది. పైన సన్నటి చర్మం, దాని కింద జిగురులాంటి మెత్తటి పొర, ఆ కింద లిగమెంట్, అడుగున కండ. గొంతులో మాధుర్యం అంతా ఆ జిగురు పొరలో ఉంది. దాన్ని కోసేస్తే అక్కడ మచ్చ కడుతుంది, మచ్చ అలలాడదు, గొంతు జీవితాంతం గరగరే. అందుకని తంత్రి మీది గడ్డకు ముందుగా పొర కింద సన్నటి సూదితో ఉప్పునీరు, కాస్త అడ్రినలిన్ ఎక్కించి ఉబ్బిస్తారు. ఆ ఉబ్బు మీద సన్నగా గీసి, పొరను దుప్పటిలా పక్కకు తీసి, గడ్డను ఒలిచి, దుప్పటి మళ్లీ కప్పేస్తారు. కుట్లు ఉండవు. రెండు తంత్రులూ కలిసే ముందు కొసన రెండు వైపులా ఒకేసారి కోస్తే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అక్కడ రెండు వైపులా జబ్బుంటే ఒకవైపు ఇప్పుడు, ఇంకోవైపు కొన్ని వారాలకు చేస్తారు. "రెండుసార్లు ఎందుకు, డబ్బులకా" అని అనుమానపడొద్దు.

మండీ ఆయన గడ్డ తంత్రి మీద లేదు, పై మడతలో ఉంది. లేజర్‌తో పొర తెరిచి, నున్నటి తొడుగును పట్టుకుని చుట్టూ విడదీస్తూ వస్తే, సీతాఫలం గింజ జారినట్టు మొత్తం ఒకేసారి వచ్చేసింది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఇది, 1970ల నుంచి గొంతు ఆపరేషన్లలో ఉంది. కోస్తూనే చిన్న రక్తనాళాలను మూసేస్తుంది. ప్రమాదం నిప్పుతోనే. ఊపిరి గొట్టంలో ఆక్సిజన్ ఉంటుంది కదా. అందుకే ఆక్సిజన్‌ను 30 శాతం లోపు ఉంచి, గొట్టం బుడగలో గాలికి బదులు రంగు కలిపిన ఉప్పునీరు నింపి, చుట్టూ తడి గుడ్డలు పెట్టి, కళ్లు తడి ప్యాడ్లతో మూసి చేస్తారు. లేజర్ లేని చోట చల్లటి పనిముట్లతోనూ బాగా చేసే సర్జన్లున్నారు. చెయ్యి ముఖ్యం, మెషిన్ తర్వాత.

పెద్ద గడ్డలకు, ఉంగరం లాంటి క్రికాయిడ్ మృదులాస్థి గడ్డలకు నోట్లోంచి అందదు. మెడ మీద కోత పెట్టి, స్వరపేటికను పక్క నుంచో ముందు నుంచో తెరిచి తీయాలి. అలాంటప్పుడు కొన్నాళ్లు ట్రకియాస్టమీ గొట్టం దాదాపు ఖాయం. నెమ్మదిగా పెరిగే గడ్డ కాబట్టి కొంచెం వదిలేసినా ఫరవాలేదు, స్వరపేటికను కాపాడటం ముఖ్యం అనే పద్ధతి ఇప్పుడు ఎక్కువ.

పాపిలోమా కథ వేరు. తీస్తే వస్తుంది, తీస్తే వస్తుంది. వైరస్ పక్కనున్న మామూలు పొరలోనూ దాగి ఉంటుంది. లేజర్‌తోనో, గుండ్రంగా తిరుగుతూ పీల్చేసే డీబ్రైడర్‌తోనో పైపైన తీసి గొంతు, ఊపిరి నిలబెడతారు, మూలం తవ్వరు. దీనికి వీలైనంత వరకు మెడకు రంధ్రం పెట్టకూడదు, జబ్బు కింది గాలిగొట్టంలోకి పాకుతుంది. "ఒక్కసారితో పూర్తిగా పోగొడతాం" అని ఎవరైనా హామీ ఇస్తే నేనైతే ఇంకో డాక్టర్‌ను చూసుకుంటాను.

చంటిపిల్లలకైతే

పుట్టినప్పుడు బాగానే ఉండి, నెలా రెండు నెలలకు పీల్చేటప్పుడు గరగర మొదలై, జలుబు తగ్గినా పోకపోతే, ముఖ్యంగా గడ్డం చుట్టూ, పెదవి కింద చర్మం మీద ఎర్రటి మచ్చలుంటే, తంత్రుల కింద హిమాంజియోమా ఉందేమో చూడాలి. దీనికి ఇప్పుడు మొదటి వైద్యం కత్తి కాదు, మందు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు గుండె కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చిన ఒక బిడ్డకు ముఖం మీది హిమాంజియోమా కరిగిపోతుండటం గమనించారు. అప్పటి నుంచి దారే మారిపోయింది. షుగర్ పడిపోవడం, గుండె వేగం తగ్గడం లాంటివి జరగొచ్చు కాబట్టి మొదటి మోతాదులు ఆసుపత్రిలోనే ఇప్పించాలి.

ఏడుపే బొంగురుగా ఉండే రెండు మూడేళ్ల పిల్లలకు పాపిలోమా ఉండొచ్చు. ప్రసవంలో తల్లి నుంచి వస్తుంది, అందులో తల్లి తప్పేమీ లేదు. ఈ హెచ్‌పీవీకి టీకా ఉంది, పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన సర్వవ్యాక్ 2023లో మన దేశంలో వచ్చింది. 6, 11, 16, 18 రకాలు నాలుగింటినీ అడ్డుకుంటుంది. ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్ల ఉంటే పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఇంటికొచ్చాక

తంత్రి మీద ఆపరేషన్ అయితే 3 నుంచి 7 రోజులు మౌనం, డాక్టర్ చెప్పినన్ని. గుసగుస కూడా వద్దు, దాన్ని మాటలకన్నా చెడ్డదనే లెక్కేస్తాను. ఫోన్‌లో టైపు చేసి చూపించండి. గొంతు సవరించుకోవడం, గట్టిగా ఖాండ్రించడం మానండి, దానికి బదులు గుక్కెడు నీళ్లు. పచ్చిమిరపకాయ కారం, రాత్రి తిన్న వెంటనే పడుకోవడం, పొగ, ఇవి పుండును మాననివ్వవు. నాలుక చివర తిమ్మిరి, రుచి తేడా కొన్ని వారాలు ఉండొచ్చు, చాలామందికి పోతుంది. పై మడతలో ఆపరేషన్ అయినవాళ్లకు కొన్నాళ్లు నీళ్లు పొలమారతాయి. గడ్డం కిందికి వంచి, చిన్న గుక్కలుగా తాగండి, సంగటి లాంటి ముద్ద ఆహారం మొదట్లో సులువు. పీల్చేటప్పుడు చప్పుడు, నోట్లోంచి ఎర్రటి రక్తం, లేదా జ్వరం వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అప్పుడే క్యాజువాలిటీకి రండి.

మౌనం అయ్యాక స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లడం మన దగ్గర చాలామంది వదిలేస్తారు. గడ్డ ఉన్నప్పుడు దాన్ని దాటుకుని మాట్లాడటానికి మెడ కండలు బిగించే అలవాటు పడి ఉంటుంది. గడ్డ పోయినా ఆ అలవాటు పోదు. నాలుగైదు సార్లు వెళ్తే చాలు.

పరీక్ష రిపోర్టు తీసుకోవడం మరవకండి. తీసిన గడ్డ ఏమిటో కాగితం మీద ఉండాలి. తర్వాత వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఆపై ఏడాదికోసారి స్కోప్. ష్వానోమా మొత్తం వచ్చేస్తే మళ్లీ రావడం అరుదు. పాపిలోమాకు, మృదులాస్థి గడ్డకు చూపించుకోవడం ఆపొద్దు.

మండీ ఆయన మూడో నెల చెకప్‌కు వచ్చినప్పుడు గొంతు రికార్డు చేయాలి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి అన్నాను. అలవాటుగా గొంతెత్తారు. "ఒకటోసారి... రెండోసారి..." బయట వరండాలో కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. మూడోసారి అనబోయి ఆగి నవ్వారు. "అది మండీలోనే అంటా సార్" అన్నారు.